నెలాఖరుకు లెక్క తేలడం లేదా? ఆదివారం నిల్వ చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వేళచ్చేరిలో అద్దెకుంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, నెలకు చేతికొచ్చేది 94,000. మావారి జీతం 30న, నాది 7న పడుతుంది. మూడో తరగతి చదివే పాప ఉంది, అత్తగారు మాతోనే ఉంటారు; గుడికి, పూలకు, పాపకు కొనిపెట్టే వాటికి ఆవిడకు క్యాష్ ఇస్తున్నాం. అద్దె, లోన్ ఈఎంఐ, ఇంటి ఖర్చులు అన్నీ వేసుకుంటే నెలకు 15,000 మిగలాలి. కానీ 22వ తేదీ వచ్చేసరికి ఖాతాలో ఏమీ ఉండటం లేదు. రెండు యాప్‌లు పెట్టి చూశాం. కార్డు బిల్లు కట్టినప్పుడల్లా ఖర్చు రెట్టింపు చూపించింది. ఇరవై రెండు పద్దులతో మొదలుపెట్టిన నోటుబుక్కు పది రోజులకే ఆగిపోయింది. ఎంత జాగ్రత్తగా రాసినా ‘ఇతరాలు’ కింద తొమ్మిది, పది వేలు పడుతున్నాయి. ‘ఇది దేనికి పెట్టారు’ అని అడిగితే ఇంట్లో మాటా మాటా పెరుగుతోంది. స్కూలు ఫీజో బీమానో కట్టాల్సిన నెలలో మళ్ళీ కార్డే దిక్కవుతోంది. ఏడాదిలో అప్పుడప్పుడూ పడే ఖర్చుల జాబితా కూడా పంపుతున్నాను. మాలాంటి వాళ్ళకు నిలబడే పద్ధతి ఏదైనా చెప్పండి. అన్నట్టు, నేనొక చీటీ కూడా కడుతున్నాను.
— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఇంట్లో దుబారా ఏమీ కనిపించడం లేదు. లోపం లెక్క రాసే పద్ధతిలో ఉంది, అదీ రెండు చోట్ల. ఏడాదికి రెండు మూడుసార్లు పడే పెద్ద ఖర్చులు మీ నెల లెక్కలోకి రాలేదు. రాసిన ఖర్చును చేతిలో ఉన్న డబ్బుతో మీరు ఎప్పుడూ సరిచూడటం లేదు. ఈ రెండోది మరీ ముఖ్యం. కొట్లలో చిట్టా రాసేవాళ్ళు పొద్దున ప్రారంభ నిల్వతో మొదలుపెట్టి, రాత్రి ముగింపు నిల్వ గల్లాపెట్టెలో డబ్బుతో కలిస్తేనే పుస్తకం మూసేవాళ్ళు. కలవకపోతే ఏదో ఒక పద్దు రాయడం మరిచినట్టే. ఇంటి లెక్కలకు వచ్చేసరికి ఈ పని ఎవరూ చేయరు. అందుకే సగం రాసిన లెక్క కూడా పూర్తి లెక్కలాగే కనిపించి మోసం చేస్తుంది.

ముందు మీరు పంపిన జాబితా చూద్దాం. స్కూలు ఫీజు జూన్, అక్టోబర్, జనవరిలో 22,000 చొప్పున 66,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 9,000. ఆరోగ్య బీమా 24,000. రెండు బళ్ళ బీమా, సర్వీసు 7,000. సంక్రాంతి, ఉగాది, దీపావళి కలిపి 30,000. నెల్లూరు రాకపోకలు, పెళ్ళిళ్ళు, చదివింపులు 20,000. అన్నీ కూడితే 1,56,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 13,000. ‘మిగలాలి’ అనుకుంటున్న 15,000లో మీకు నిజంగా మిగిలేది 2,000 మాత్రమే. మిగతాది ముందే ఖర్చు రాసిపెట్టి ఉన్న డబ్బు, కాకపోతే తేదీ ఇంకా రాలేదు.

ఇలాంటివే చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. మొబైల్ ప్లాను 28 రోజులదైతే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జీలు చేయించాలి. 84 రోజులదైతే నాలుగు సరిపోవు, కొన్నేళ్ళు ఐదోది కూడా పడుతుంది. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీని క్యాలెండర్‌లో రాయండి. నలభై రోజులకొకటి అయితే ఏడాదికి తొమ్మిది. నీళ్ళ ఫిల్టర్ క్యాండిల్, ఏసీ సర్వీసు కూడా జాబితాలో చేర్చండి. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా పట్టుకెళ్ళే స్వీట్లు, పండ్లు కూడా ఆ ప్రయాణం ఖర్చే, కిరాణా కాదు.

ఈ 13,000 కోసం మీరు వాడని పాత సేవింగ్స్ ఖాతా ఉంటే అది చాలు, లేకపోతే కొత్తది తెరవండి. దానికి యూపీఐ తగిలించవద్దు, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోవద్దు. మీ జీతం 7న పడుతుంది కాబట్టి 8వ తేదీకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ఆ తేదీకి బ్యాంకే డబ్బు మార్చే ఏర్పాటు) పెట్టండి. జీతం ఒకరోజు ఆలస్యమైతే తిరగకొట్టేస్తుందన్న భయం ఉంటే 10 పెట్టుకోండి. రికరింగ్ డిపాజిట్ (నెలనెలా కట్టే డిపాజిట్) బాగుంటుంది కదా అనిపించవచ్చు. కానీ జూన్‌లో ఒక ముక్క, అక్టోబర్‌లో ఒక ముక్క తీయాల్సిన డబ్బుకు అది పనికిరాదు. ఏడాదికి ఒకేసారి కట్టే బీమాకైతే సరే.

మొదటి ఏడాది ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. నిధి నిండకముందే ఖర్చు మీదకొస్తుంది. ఫిబ్రవరిలో మొదలుపెట్టారనుకోండి, జూన్ నాటికి ఐదు నెలలు కలిసి 65,000 అవుతుంది. ఫీజు, పుస్తకాలు కలిపి 31,000 హాయిగా కట్టేయవచ్చు. అదే మే నెలలో మొదలుపెడితే చేతిలో 26,000 ఉంటుంది, 5,000 తక్కువ. కాబట్టి పెద్ద ఖర్చులను తేదీల వరసలో రాసుకుని, ప్రతి తేదీ నాటికి నిధిలో ఎంత ఉంటుందో పక్కన వేసి చూడండి. ఎక్కడ గండి పడుతోందో అక్కడికి దీపావళి బోనసో, ఇంక్రిమెంటు ఎరియర్సో మళ్ళించండి.

ఇక రోజువారీ రాత. మీ నోటుబుక్కు పది రోజులకు ఆగిపోవడానికి కారణం బద్ధకమని నేననుకోను. ఇరవై రెండు పద్దులు పెట్టారని రాశారు. టీ తాగిన ప్రతిసారీ అది ‘స్నాక్సా’, ‘బయట తిండా’, ‘ఆఫీసు ఖర్చా’ అని ఆలోచించాల్సి వస్తే ఎవరైనా మానేస్తారు. వేరే పద్దు పెట్టడానికి నేను చూసేది ఒక్కటే: ఆ అంకె పెరిగిందని తెలిస్తే మీరు చేసే పని మారుతుందా? కొత్తిమీర వేరు, టమాటాలు వేరు అని రాస్తే మారేదేమీ లేదు. ఇంటి సరుకులు వేరు, బయటి నుంచి తెప్పించుకున్న తిండి వేరు అని రాస్తే చాలా మారుతుంది. మీకు తొమ్మిది చాలు: ఇల్లు (అద్దె, మెయింటెనెన్స్, పనిమనిషి), బిల్లులు (కరెంటు, గ్యాస్, ఫోన్, ఇంటర్నెట్), కిరాణా-పాలు-కూరలు, బయట తిండి, ప్రయాణం, పాప, వైద్యం, చేతి ఖర్చు, ఊరు-పండగలు. ‘ఇతరాలు’ అనే పద్దు అసలు పెట్టవద్దు. అది ఉంటే అన్నీ అందులోకే వెళ్తాయి. ఎందులోనూ ఇమడని ఖర్చు వస్తే దగ్గరగా ఉన్నదానిలో వేసి, పక్కన ఒక ముక్క రాయండి.

పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లతో ఒక ఇబ్బంది ఉంది. ఒకే ఆర్డర్లో పాలు, చిప్స్, ఫోన్ చార్జర్ కలిసి వస్తాయి. బిల్లును ముక్కలు చేస్తూ కూర్చుంటే విసుగొస్తుంది. బిల్లులో ఎక్కువ భాగం దేనిదో ఆ పద్దులో మొత్తం వేయండి. 200 దాటిన వేరే వస్తువు ఒకటి ఉంటే దాన్ని మాత్రం విడదీయండి.

దేంట్లో రాయాలన్నదానికి, మీ ఇద్దరికీ గూగుల్ ఫారం కుదురుతుంది, నింపినవన్నీ దానికి జతచేసిన గూగుల్ షీట్‌లో పడతాయి. నాలుగే ప్రశ్నలు: ఎంత, ఏ పద్దు, దేంతో ఇచ్చారు (క్యాష్, యూపీఐ, కార్డు), ఒక మాట వివరం. పద్దులను నొక్కి ఎంచుకునేలా పెట్టండి, టైపు చేసేలా వద్దు. ఒకరు ‘కిరాణా’ అని, ఒకరు ‘కిరాణ’ అని రాస్తే షీట్ వాటిని రెండు పద్దులుగా చూపిస్తుంది. ‘ఎంత’ అన్న ప్రశ్నకు అంకెలే తీసుకునేలా నిబంధన పెట్టండి. ‘రూ. 250’ అనో ‘250/-’ అనో రాస్తే షీట్ దాన్ని అక్షరాలుగా తీసుకుని కూడికలో వదిలేస్తుంది, మొత్తం తప్పిందని మీకు తెలియను కూడా తెలియదు. ఫారం లింకును ఇద్దరి ఫోన్లలోనూ హోం స్క్రీన్ మీద పెట్టుకోండి. ఒక్కో ఖర్చు రాయడానికి పది సెకన్లు పడుతుంది. షీట్‌లో ఒక పివట్ టేబుల్ పెడితే పద్దులవారీగా నెల మొత్తాలు తేలిపోతాయి. తేదీ ఫారం తనంతట తనే వేస్తుంది. 31వ తేదీ ఖర్చు 1న రాస్తే అది కొత్త నెలలో పడుతుంది, ఆ ఒక్కరోజు మాత్రం షీట్‌లోకి వెళ్ళి తేదీ దిద్దండి.

ఎస్ఎంఎస్‌లు చదివి తమంతట తామే లెక్క రాసే యాప్‌లను నేను సిఫారసు చేయను. వాటికి క్యాష్ కనిపించదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వేసుకున్నదాన్ని ఖర్చుగా రాసిన సందర్భాలు ఎక్కువ. పైగా మీ ఓటీపీలు వచ్చేది కూడా అదే ఇన్‌బాక్స్‌లోకి.

మీ ‘ఇతరాలు’ అంతగా ఉబ్బడానికి పెద్ద కారణం యూపీఐ అని నా అంచనా. వీధిలో కూరల బండి, ఇస్త్రీ, పూలు, వాటర్ క్యాన్ అన్నిటికీ క్యూఆర్ కోడ్ ఉంది. కానీ స్టేట్‌మెంట్‌లో కొట్టు పేరు రాదు, ఖాతా ఎవరిదో ఆ మనిషి పేరు వస్తుంది. వారం తర్వాత ‘సెల్వి 140’ అని చూస్తే అది పూలో, పచ్చిమిరపకాయలో ఎవరికి గుర్తుంటుంది? డబ్బు పంపే ముందు నోట్ అని చిన్న గడి ఉంటుంది కదా, అందులో ‘కూరలు’, ‘ఇస్త్రీ’ అని ఒక్క మాట కొట్టండి. ఆరోజు ఫారం నింపడం మరిచినా యాప్ హిస్టరీలో ఆ మాట ఉంటుంది.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది: యూపీఐ లైట్, అంటే చిన్న చెల్లింపుల కోసం యూపీఐ యాప్‌లో ముందే డబ్బు నింపి పెట్టుకునే ఏర్పాటు. పిన్ అడగకుండా పోయే చిన్న చెల్లింపులు మీ ఫోన్లో ఉంటే అవి లైట్ నుంచి పోతూ ఉండవచ్చు. ఒక్కో చెల్లింపు 1,000 వరకు, లైట్‌లో ఉంచుకోగల నిల్వ 5,000 వరకు. వీటిలో ఏదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా కనిపించదు, లైట్‌లో డబ్బు నింపిన వరస ఒక్కటే కనిపిస్తుంది. ‘2,000 ఏమైందో తెలియదు’ అని మీరు ఇతరాల్లో వేసినవి ఇవే అయి ఉండవచ్చు. లైట్ నింపడం ఖర్చు కాదు, డబ్బు ఒక జేబు నుంచి ఇంకో జేబుకు మారడం. ఏటీఎంలో 5,000 తీయడం, ఫాస్టాగ్, మెట్రో కార్డులో వేయడం కూడా అంతే. ఫాస్టాగ్, మెట్రో కార్డు లాంటి వాటికి మాత్రం నేను మినహాయింపు ఇస్తాను. ఒక్క పనికే వాడే డబ్బు కాబట్టి వేసినరోజే ప్రయాణం కింద రాసేసినా నష్టం లేదు. ఏటీఎం డబ్బుకు, లైట్‌కు ఆ మినహాయింపు వద్దు.

క్రెడిట్ కార్డు రెట్టింపు సంగతి కూడా ఇదే. కార్డు గీకినరోజే ఖర్చు రాయండి. నెల తర్వాత బిల్లు కట్టినప్పుడు మళ్ళీ రాయకండి, అప్పు తీరిందంతే. మీరు రాసిన యాప్ ఈ రెండూ కూడింది. ఒకవేళ ఏదైనా నెల ‘మినిమం డ్యూ’ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కట్టి ఉంటే వెంటనే మొత్తం తీర్చే దారి చూడండి. ఆ క్షణం నుంచి కొత్తగా గీకిన వాటికి కూడా వడ్డీలేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డులకు అది నెలకు 3 నుంచి 3.75 శాతం. మామూలు పర్సనల్ లోన్ వడ్డీ కన్నా ఇది చాలా ఎక్కువ.

చీటీ కడుతున్నానని చివర్లో ఒక వాక్యం రాశారు. చీటీ, నగల స్కీము ఖర్చు పద్దుల్లోకి రావు, వాటిని పొదుపుగా విడిగా చూపించండి. తెలిసినవాళ్ళు నడిపే చీటీ అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి. మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఇప్పుడు ఆదివారం పని. పావుగంట చాలు, ఇద్దరూ కూర్చోండి. మీ దగ్గరున్న డబ్బంతా కూడండి: రెండు ఖాతాల నిల్వ, పర్సుల్లో క్యాష్, లైట్ నిల్వ. అందులోంచి కార్డు మీద కట్టాల్సినది తీసేయండి. కార్డు యాప్‌లో బిల్లు అయినదీ, ఇంకా బిల్లు కానిదీ రెండూ కలిపిన అంకె తీసుకోవాలి. చాలామంది బిల్లు అయినదే తీసుకుని తప్పుతారు. ఉదాహరణకు ఖాతాల్లో 52,300, క్యాష్ 3,150, లైట్‌లో 1,400, కార్డు బాకీ 10,000. నికర నిల్వ 46,850. ఇది రాసిపెట్టుకోండి.

వచ్చే ఆదివారం మళ్ళీ ఇలాగే కూడితే 36,430 వచ్చిందనుకుందాం. ఆ వారం ఆదాయం ఏమీ లేదు, పెద్ద ఖర్చుల ఖాతాకు వేసిందీ లేదు. ఫారంలో పడిన ఖర్చు 9,240. 46,850లోంచి అది తీస్తే 37,610 ఉండాలి. 1,180 తక్కువ. అంటే అంత రాయలేదు. స్టేట్‌మెంట్, యూపీఐ హిస్టరీ పైనుంచి కిందకి ఒక్కసారి చూస్తే పెట్రోలు 500, టిఫిన్ 140 దొరికాయి. వాటిని ఫారంలో వేయండి. మిగిలిన 540 ఎంత తలబాదుకున్నా గుర్తు రాలేదు. దాన్ని ‘తెలియనిది’ అని రాసి వదిలేయండి. పదో పద్దు ఇది. ఆదివారం తప్ప ఇంకెప్పుడూ దీంట్లో రాయకూడదు. అప్పుడే ఇది మీ రాత ఎంత నమ్మకమైనదో చెప్పే అంకె అవుతుంది. ఆ వారం మొత్తం ఖర్చు 10,420, అందులో తెలియనిది ఐదు శాతం. మొదటి నెలకు బాగానే ఉన్నట్టు. రెండు శాతం లోపుకు వచ్చాక దాని కోసం వెతకడం మానేయండి.

లెక్క తేడా ఎదురు తిరిగి, ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంటే సంతోషపడకండి. ఒకే ఖర్చు ఇద్దరూ రాసి ఉంటారు, లేదా బ్యాంకు ఇంకా తీసుకోని ఆటో డెబిట్ ఉంటుంది. ఒక ఆదివారం తప్పితే ఆ వారం ఖర్చులను గుర్తుచేసుకుని నింపే ప్రయత్నం చేయవద్దు. రెండు వారాలకు కలిపి నిల్వ తేడా చూసి, దొరకనిది తెలియనిదిలో వేసి ముందుకు సాగండి. పాత బాకీ తీర్చాలని కూర్చున్నప్పుడే చాలా ఇళ్ళలో లెక్క ఆగిపోతుంది.

నెలను 1 నుంచి నెలాఖరు వరకే పెట్టుకోండి. మీవారి జీతం 30న పడినా దాన్ని వచ్చే నెల ఆదాయంగా రాయండి. అద్దె, ఈఎంఐ దాంట్లోంచి పోతాయి, 7న వచ్చేది మీ నిధికీ ఇంటి ఖర్చుకూ. 1 నుంచి 7 వరకు ఇరుకు అన్న మాట అప్పుడు ఉండదు.

గొడవల గురించి. ‘దేనికి పెట్టారు’ అన్న ప్రశ్న ఎంత మామూలుగా అడిగినా ఎదుటివాళ్ళకు విచారణలాగే వినిపిస్తుంది. ఇద్దరికీ సమానంగా చేతి ఖర్చు పెట్టుకోండి, మీ ఆదాయానికి చెరో 2,000. నెల మొదట్లో ఒకే వరసగా రాసేస్తే అయిపోయింది. అందులో ఏం కొన్నారని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. మీ అత్తగారికి గుడికి, పూలకు, పాపకు కొనిపెట్టే వాటికి క్యాష్ ఇస్తున్నామన్నారు. ఇచ్చినరోజే చేతి ఖర్చు కింద ఒక్క వరస రాయండి, అక్కడితో మీ లెక్క పూర్తి. పెద్దావిడ పది రూపాయల కర్పూరానికి లెక్క చెప్పాల్సి రావడం ఏ ఇంటికీ మంచిది కాదు. దానివల్ల మీకు కొత్తగా తెలిసేదీ ఏమీ లేదు.

చెన్నైలో ఉన్నారు కాబట్టి కరెంటు గురించి ఒక్కటి తప్పక చెప్పాలి. ఇక్కడ రీడింగ్ రెండు నెలలకోసారి. బిల్లు వచ్చిన నెల ఖర్చు పెరిగినట్టు, మరుసటి నెల తగ్గినట్టు కనిపిస్తుంది. బిల్లుల పద్దును ఎప్పుడూ రెండు నెలల జతగానే పోల్చండి. మొదట కొన్ని యూనిట్లు ఉచితం. 500 దాటితే మాత్రం దెబ్బ రెండు వైపులా పడుతుంది: 500 పైన యూనిట్లకు ఎక్కువ రేటు, అది చాలదన్నట్టు కింది యూనిట్లలో కొన్నిటికి ఉన్న తక్కువ రేటు కూడా పోయి, వాటికీ ఆపై స్లాబు రేటే వేస్తారు. మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ ఉన్న ఇళ్ళలో ఇది ఎక్కువగా జరుగుతుంది. రీడింగ్ తీసినరోజు అంకెను ఫోన్లో ఫొటో తీసుకోండి, సరిగ్గా 30 రోజులకు మళ్ళీ మీటర్ చూడండి. 250 దాటి ఉంటే మిగిలిన నెల ఏసీ రాత్రి రెండు గంటలు తగ్గించినా మీరు గీతకు ఇవతలే ఉండవచ్చు. ఇంటి ఓనరు సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తుంటే ఈ స్లాబుల లాభం మీకు అందదు. అప్పుడు యూనిట్లు తగ్గించుకోవడం ఒక్కటే మార్గం.

మొదటి రెండు నెలలు ఏ ఖర్చూ తగ్గించాలని చూడకండి, బడ్జెట్ కూడా వేయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. మూడో నెల 1న పద్దుల మొత్తాలు ముందు పెట్టుకుని, మీ ఇద్దరికీ ‘ఇంత అవుతోందా!’ అనిపించిన పద్దు ఒక్కటే ఎంచుకోండి. సాధారణంగా అది బయట తిండి అవుతుంది. అందులోనూ మొత్తం కన్నా సార్లు చూడండి. నెలకు పద్దెనిమిది సార్లు తెప్పించి ఉంటే, ఎక్కువ ఆర్డర్లు ఏ వారం, ఏ రోజు పడ్డాయో తేదీలు చెబుతాయి. మీకు ఆఫీసు ఆలస్యమైన రోజులే అయితే, ఆ రెండు రోజులకు దోశపిండి ముందే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే చేయాల్సిన పని. ‘ఇకనుంచి తెప్పించుకోవద్దు’ అని ఒట్టు పెట్టుకుంటే అది వారం నిలవదు. కూరలు, పండ్లు, పాలలో మాత్రం కోత పెట్టవద్దు. పిల్ల, పెద్దావిడ ఉన్న ఇల్లు. అక్కడ మిగిలేది తక్కువ, పోయేది ఎక్కువ.

వైద్యం పద్దుకు మాత్రం రసీదులన్నీ ఒక కవరులో దాచండి. మందుల బిల్లు మీద డాక్టరు చీటీ తేదీ, పేషెంటు పేరు ఉండేలా చూడండి. బీమా క్లెయిములో ఆసుపత్రిలో చేరకముందు, వచ్చాక అయిన ఖర్చులు అడగడానికి పాలసీలో వీలుంటే ఆ కాగితాలే కావాలి. థర్మల్ కాగితం మీద అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, తెచ్చినరోజే ఫొటో తీసి పెట్టుకోండి.